తలకిందుల గంపలు

నూకాలు మూడేళ్ల కోడిపెట్ట, ఏ గింజనైనా కాలితో ఒకసారి తిరగేసి చూశాకే తినేది. ఆ అలవాటు వల్ల దానికి అనుమానపు పెట్ట అని పేరొచ్చింది. అదే పని పుంజు చేస్తే ముందుచూపు అనేవాళ్లు.

పోయిన వానాకాలం గూట్లోకి నీళ్లొచ్చి పెట్టలన్నిటి గుడ్లూ మురిగిపోయాయి. ఈసారి పశువులపాక దూలానికి గంపలు వేలాడదీసి పొదుగుదామని నూకాలు చెప్పింది. వీర్రాజు అనే పుంజు దాన్ని తన ఆలోచనగా పంచాయితీలో పెట్టి, గంపల పని జంబులింగానికి అప్పగించాడు. జంబులింగం నక్క. మాంసం మానేసి కంట్రాక్టులు చేసుకుంటున్నానని చెప్పుకునేవాడు.

పక్క చేలోనే గిజిగాళ్లుండగా ఇంకెవరో ఎందుకని నూకాలు అడిగింది. పెరటి చెట్టు వైద్యానికి పనికొస్తుందా అని వీర్రాజు నవ్వాడు. గిజిగాళ్ల కూలి ఎక్కువని, కొండలవతల గబ్బిలాలైతే రాలిన జామపళ్లకే అల్లిపెడతాయని నక్క చెప్పాడు.

"పైగా మీరు పడుకున్నప్పుడు వాళ్లు పనిచేస్తారు పుంజుగారూ. మీకు తెల్లారేసరికి వాళ్ల పని అయిపోతుంది."

"గంప నోరు పైకి ఉండాలి. అదొక్కటీ మరవకు," అంది నూకాలు.

నక్క ఆ మాట అలాగే చేరవేశాడు. పైకి అంటే ఎటని గబ్బిలాలకు అనుమానమొచ్చింది. అడుగుదామని అవి రాత్రిపూట వస్తే, రేచీకటి కోళ్లు కళ్లు తెరవలేదు. పనెంతవరకొచ్చిందో కనుక్కోమని పెట్టలు పగలు కాకిని పంపితే, గబ్బిలాలు నిద్రలేవలేదు. చివరికి తమకు తెలిసిన పైకే అల్లేశాయి. తలకిందులుగా వేలాడేవాళ్లకు పైకి అంటే నేలవైపే కదా.

గంపలొచ్చాయి. వేలాడదీసే తాళ్లు అడుగుకే అల్లేసి ఉన్నాయి, దూలానికి కడితే నోళ్లన్నీ కిందికి చూస్తున్నాయి. నక్క ఒక్క క్షణం తెల్లబోయాడు. ఆ వెంటనే వాడి నాలుక బయటికొచ్చింది.

"ఇది కొత్త రకం. గుడ్డు కిందనుంచి తోసి మూతెయ్యడమే. మూత ఊడినా భయం లేదు, కింద నేను కాపలా ఉంటా."

పెట్టలన్నీ వరసగా గుడ్లు పెట్టాలని వీర్రాజు ఆజ్ఞాపించాడు. పెట్టేది మేమైతే ఆజ్ఞ నీదేమిట్రా అని ఓ ముసలిపెట్ట గొణిగింది. నూకాలు గంపను కాలితో తిప్పి చూసింది. మూత చూసింది, నక్క నాలుకా చూసింది. మొదటి గుడ్డు తనదేనంది.

"పురుడు మగాళ్లు చూడకూడదు. కళ్లు మూసుకో బాబాయ్."

జంబులింగం కళ్లు మూసుకున్నాడు. నోరు మూసుకోలేదు. నూకాలు వాకిట్లోంచి గుడ్డంత ముగ్గురాయి దొర్లించుకొచ్చి, గంపలోకి తోసి మూతేసింది. మూత ఎంతోసేపు ఆగలేదు. రాయి సూటిగా వచ్చి నక్క ముందుపళ్లు రాలగొట్టింది.

"గట్టిగా ఉందా బాబాయ్? ఇదీ కొత్త రకమే," అంది నూకాలు.

వాడు మూలుగుతూ పొలిమేర దాటగానే పెట్టలన్నీ పక్క చేలోకి నడిచాయి. మన భాషలో ఆ పిట్ట ఆడదైనా గిజిగాడే. కానీ వాళ్ల కాపురంలో గూడు అల్లేది మగవాడు, బాగుందో లేదో తేల్చేది ఆడది. అక్కడ తేల్చేది తవిటమ్మ.

"మా ఇళ్లకు దారి కిందనుంచే వదినా. మీకు ఎటు కావాలి?"

నూకాలు ముక్కు ఎత్తి చూపించింది. అందరూ ఒకే ఆకాశంకేసి చూశారు. మొగుడు అల్లిన మొదటి గంపలో తవిటమ్మ కూర్చుని చూసి, అడుగు పలచగా ఉంది విప్పమంది. అతను కిక్కురుమనకుండా విప్పి మళ్లీ అల్లాడు. గట్టుమీద నిలబడి ఇది చూసిన వీర్రాజుకు కూత సగంలో ఆగిపోయింది. పెట్టలు నవ్విన నవ్వుకు చేలో పిచ్చికలు లేచిపోయాయి.

వాన దంచికొట్టింది. పాకలో నేలంతా నీళ్లు, దూలమంతా పిల్లల కిచకిచలు.

దూరపు కొండలు నునుపే కావచ్చు, అడిగితే పలికేది మాత్రం పక్క చేనే.

మరుసటి ఏడు నూకాలు పంచాయితీలో వీర్రాజు మీద పోటీచేసి గెలిచింది.