రాజుగారి తీపిపండు

ఒకానొక రేవు రాజ్యంలో మహీధరుడనే రాజు ఉండేవాడు. సభలో ఆయన ఏ మాటన్నా వెంటనే దండోరా వేసేవారు. దండోరా వేసిన మాటను వెనక్కి తీసుకోవడం ఆ వంశంలో లేదు. అలాంటివాళ్లు ఆచితూచి మాట్లాడాలి. ఆ అలవాటూ ఆ వంశంలో లేదు.

ఒకనాడు తూర్పు దీవుల నుంచి ఓడలో వచ్చిన వర్తకుడొకడు బుట్టెడు పండ్లు కానుకగా తెచ్చాడు. అవి చిన్న దబ్బపండ్లలా పసుప్పచ్చగా, గరుకుగా ఉన్నాయి. సభంతా గుమగుమలాడిపోయింది.

"ఆహా! లోకంలో ఇంత తీయని పండు మరొకటి లేదు!" అన్నాడు రాజు, వాసన మాత్రమే చూసి. వీధిలో డప్పు మోగింది.

అప్పుడు ఒక తొన నోట్లో వేసుకున్నాడు. ఆయన కుడికన్ను దానంతటదే మూసుకుపోయింది.

"తీపే," అన్నాడు.

సభికులందరూ తిని, తలలూపారు. వంటవాడు గంగప్ప ఒక్కడే, "పుల్లగా ఉంది ప్రభూ. పులిహోరలోకి బ్రహ్మాండంగా ఉంటుంది," అన్నాడు.

"దండోరానే కాదంటావా? తెల్లారేసరికి రాజ్యం దాటిపో!"

విదూషకుడు కొండుభట్టు ముందుకొచ్చాడు. గంగప్ప ఆయనకు ప్రాణస్నేహితుడు. పైగా మరొకరి వంట ఆయనకు సయించదు.

"ప్రభూ, పోయేముందు వీడిచేత పాయసం చేయిద్దాం. ఇంత తీపిపండు ఉండగా చక్కెర దండగ. ఈ రసమే పోయిద్దాం," అన్నాడు.

వద్దనడానికి రాజుకు దారి లేదు. సభలోనే పొయ్యి వెలిగించారు. మరిగే పాలలో గంగప్ప రసం పిండాడు. పాలు విరిగిపోయాయి.

కొండుభట్టు గిన్నెలోకి తొంగిచూసి, భటుల వైపు తిరిగాడు. "ఈ పాలను బంధించండి."

"పాలను బంధించడమా?" అన్నాడు రాజు.

"పండు పులుపని గంగప్ప నోటితో అన్నాడు. ఇవి నిండు సభలో విరిగి చూపించాయి. ఇవి తమ సొంత ఆవు పాలు ప్రభూ. దాన్నీ రాజ్యం దాటించాలి. రేపటి నుంచి తమకు పెరుగన్నం ఉండదు. కష్టమే. కానీ దండోరా దండోరాయే."

రాజు గిన్నె వైపు చూశాడు. ముందు మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది, ఆపైన పగలబడి నవ్వాడు.

"గంగప్ప ఎక్కడికీ పోడు. మరి మా మాటో?"

"అలాగే ఉంటుంది ప్రభూ. పండు తీపే. పులిహోరలో మాత్రం పులుపుగా వాడుకోవచ్చని ఇంకో దండోరా వేయించండి."

డప్పు మళ్లీ మోగింది. రాజు తన కడియం తీసి కొండుభట్టుకు తొడిగాడు. ఆ చేతిలోనే ఒక పండు కూడా పెట్టాడు.

"ఇదీ బహుమానమే. మా ఎదుటే తినాలి."

కొండుభట్టు మొత్తం తిన్నాడు. రెండు కళ్లూ మూసుకుపోయి నీళ్లు కారాయి.

"ఎలా ఉంది?" అన్నాడు రాజు.

"దండోరా వేసినట్టే ఉంది ప్రభూ."