హెలికాప్టర్లో తువ్వాలు వేసిన ఓబన్న

పెన్నేటి ఒడ్డున రాళ్ళదిన్నె అనే ఊళ్ళో ఓబన్న అనే పెద్దమనిషి ఉండేవాడు. ఎక్కడికి వెళ్ళినా ముందు సీటు తనకే దక్కాలని ఆయన పట్టుదల. పెళ్ళికి వెళ్తే మొదటి బంతిలో మొదటి విస్తరి ఆయనదే. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి డ్రైవరు వెనక సీటు పట్టేసేవాడు. తువ్వాలు పడిందా, ఇక బ్రహ్మదేవుడు వచ్చినా లేచేవాడు కాడు.

ఆయన అక్క సుంకులమ్మ అలా కాదు. తల్లిదండ్రులు పోయాక మేకలు కాసి తమ్ముణ్ణి పెంచింది. ఆ ఊరి పక్కన ఏరు కొండను నిలువునా కోసి పెద్ద లోయ చేసింది. ముళ్ళకంపలు తప్ప చెట్టూ చేమా లేని ఎర్రరాతి ఎడారి అది. అందులో నలభై ఏళ్ళు మేకల వెంట తిరిగింది సుంకులమ్మ. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి లోయలోకి దిగలేకపోతోంది. "లోయనంతా ఒక్కసారి పైనుంచి చూడల్ల" అన్నదొక్కటే ఆమె కోరిక.

ఆ ఏడు లోయ ఉత్సవాలకు ఒక కంపెనీ వాళ్ళు హెలికాప్టరూ, చిన్న విమానమూ తెచ్చారు. ఆఖరి రోజున ఓబన్న అక్కను వెంటబెట్టుకుని వెళ్ళాడు. టికెట్లిచ్చే అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "విమానం లోయంతా చుట్టి వస్తుంది. పదిమందికీ పది కిటికీలు. హెలికాప్టర్ ఇంకొంచెం కిందుగా ఎగురుతుంది గానీ సగం దాకే వెళ్తుంది. మీ ఇష్టం."

"విమానమే ఎక్కుదాం లేరా, అందరికీ కిటికీ ఉండాదంట" అంది సుంకులమ్మ.

"నీకు తెల్దు, ఊరుకోక్కా! మంత్రులెక్కేది హెలికాప్టరు. విమానం ఎవరైనా ఎక్కుతారు" అన్నాడు ఓబన్న. పైలట్ పక్కన ఒక సీటుందని అప్పటికే చూసి పెట్టుకున్నాడు.

అక్కడ అందరినీ తూకం వేశారు. "ఎవరెక్కడ కూర్చోవాలో బరువును బట్టి మేమే చెప్తాం. అవ్వ ముందు కూర్చుంటుంది, మీరు వెనక. తువ్వాళ్ళూ టోపీలూ సంచిలో పెట్టేయండి" అన్నాడు అక్కడి ఉద్యోగి.

ఓబన్నకు తల కొట్టేసినట్టయింది. ఊరివాళ్ళంతా తాడు అవతల నిలబడి చూస్తున్నారు మరి! ఇంతలో హెలికాప్టర్ దిగింది. పైన రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. తలుపు తెరిచారో లేదో, ఓబన్నకు బస్టాండు అలవాటు తన్నుకొచ్చింది. భుజం మీది తువ్వాలు తీసి ముందు సీటు మీదికి విసిరాడు.

విసిరింది బస్సులోకి కాదు కదా! గాలి దాన్ని ఎగరేసుకుపోయి, తోక దగ్గర తిరిగే చిన్న రెక్కకు చుట్టేసింది. పెద్ద చప్పుడైంది. పైలట్ ఇంజిన్ ఆపేశాడు. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ "అంతా విప్పి చూడాలి, ఇవాళ ఇక ఎగరదు" అన్నారు. పొద్దుటినుంచి వరసలో నిలబడ్డవాళ్ళు ఓబన్నను నోటికొచ్చినట్టు తిట్టారు. తిట్టరా మరి!

సుంకులమ్మ మాత్రం లోయవైపు ఒకసారి చూసి, కర్ర పట్టుకుని ఇంటిదారి పట్టింది. అన్ని తిట్లకూ చలించని ఓబన్నకు ఆ చూపుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరుగున టికెట్ల దగ్గరికి వెళ్ళాడు.

"విమానం ఆఖరి ట్రిప్పులో ఒక్క సీటే ఉంది, అదీ చిట్టచివరిది. మీరెక్కుతారా?" అని అడిగింది ఆ అమ్మాయి.

ఊరంతా ఆయన వైపే చూసింది. బుద్ధెరిగినప్పటినుంచి ఖాళీ సీటును ఇంకొకరికి వదిలినవాడు కాదాయన.

"మా అక్క ఎక్కుతాది" అన్నాడు ఓబన్న. అక్కను వెనక్కి పిలుచుకొచ్చి, చేయి పట్టి మెట్ల దాకా నడిపించాడు.

"నువ్వు రావా రా?"

"నేను కిందనే ఉంటా. నువ్వు తనివితీరా చూసి రాక్కా."

విమానం ఎగిరింది. అరగంట తర్వాత దిగింది. దిగినవాళ్ళెవరూ ఇళ్ళకు కదల్లేదు, సుంకులమ్మ చుట్టూ మూగారు. "అదిగో, ఈనబోయే మేకను భుజాన వేసుకుని నేనెక్కిన మెట్ట! ఆ చీలికలో నడి వేసవిలోనూ నీళ్ళుంటాయి!" అని విమానంలో ఆమె వెనకనుంచి గొంతెత్తి చెప్తుంటే, ముందు సీట్లవాళ్ళంతా మెడలు తిప్పుకుని విన్నారట. పైలట్ వచ్చి ఆమెకు నమస్కారం పెట్టాడు. "వారం రోజులుగా ఈ లోయ మీద ఎగురుతున్నానవ్వా, ఇవాళే చూశాను" అన్నాడు.

"ఎవరండీ ఈవిడ?" అని ఒక పట్నం ఆయన ఓబన్ననే అడిగాడు.

ఓబన్న ఛాతీ ఉప్పొంగింది. "సుంకులమ్మ! నేను ఆమె తమ్ముణ్ణి!" అన్నాడు, తాడు అవతలి వాళ్ళకు కూడా వినబడేలా.

అంతవరకూ ఊళ్ళో ఆమెను ఓబన్న అక్క అనేవాళ్ళు. ఆ రోజునుంచి ఆయన్నే సుంకులమ్మ తమ్ముడు అనసాగారు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆయన మురిసిపోయేవాడు.

నీతి: కూర్చున్న చోటు వల్ల మనిషికి గౌరవం రాదు, మనిషి వల్లే ఆ చోటుకు గౌరవం వస్తుంది.