ఆచారిగారి ఇత్తడి రేకు

కుమ్మరి గురవమ్మ కొత్త ఎద్దుబండి కొనుక్కున్న ఏడాది జరిగిన సంగతి ఇది. దాన్ని చేసింది రాజుగారి ఆస్థాన వడ్రంగి లింగాచారి. ఏడాదిలోపు ఏది విరిగినా కొత్తది వేసిస్తానని ఆయన పూచీ. బండి చేయి దాటాక దానికి ఒక్క మేకు దిగినా ఆ పూచీ చెల్లదని షరతు.

కుండలు దొర్లిపోకుండా గురవమ్మకి బండి చుట్టూ దడి కావాలి. మేకు జోలికి పోకుండా వెదురు తడికలు అల్లి కొబ్బరితాళ్ళతో కట్టుకుంది. బండిపూజకి ఆచారిగారిని పిలిచి కడుపునిండా పులిహోర పెట్టింది.

మూడో నెలలో, సంతకి పోతుంటే ఇరుసు విరిగింది. లింగాచారి వచ్చి తడికలు చూసి మీసం దువ్వాడు.

"బండి రూపమే మార్చేశావు గురవమ్మా. ఇక నాకు సంబంధం లేదు."

బండి కదలకపోతే ఆ ఏటి కుండలన్నీ ఇంట్లోనే పడుంటాయి. అయినా నిమ్మళంగా తాళ్ళు విప్పి తడికలు పక్కన పెట్టింది.

"మేకు దిగిన బెజ్జం ఎక్కడుందో చూపించండి."

ఆయన బండంతా తడిమాడు. ఎక్కడా లేదు.

"ఒక్కటుంది ఆచారిగారూ," అంటూ విరిగిన ఇరుసు చూపించింది. దాని మీద ఆయన పేరు చెక్కిన ఇత్తడి రేకు ఉంది. పూజనాడు పులిహోర తిన్నాక, బండి వెనక నడిచేవాళ్ళంతా చదవాలని ఆయనే స్వయంగా దాన్ని మేకుతో దిగ్గొట్టాడు. పగులు సరిగ్గా ఆ మేకు దగ్గరే మొదలైంది.

లింగాచారి చాలాసేపు తన పేరే చదువుకున్నాడు. తర్వాత నవ్వాపుకోలేక, విరిగిన ముక్కలు భుజాన వేసుకుని లేచాడు.

గురవమ్మ ఆయన చేతిలో కొబ్బరితాడు పెట్టింది.

"కొత్త ఇరుసుకీ మీ పేరు ఉండాల్సిందే. ఈసారి దీంతో కట్టండి."