నిప్పు తెలియని చెయ్యి

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఏ ఇంటికెళ్ళినా గంగులు అనే ఆవిడ చేసిన మట్టిపొయ్యే ఉండేది.

గంగులు చేతులకి వేళ్ళు లేవు, బంగారం. అన్నీ కణుపుల దగ్గరే ఆగిపోయాయి. అయినా ఆ అరచేతులతోనే మట్టి పిసికేది, మెత్తేది, నున్నగా అలికేది. చివర్న తన మొండి వేళ్ళని పొయ్యి అంచు మీద నొక్కేది. అది ఆవిడ సంతకం.

ఊరివాళ్ళు ఆ పొయ్యి మీద అన్నం వండుకునేవారు. ఆవిడ చేతి మంచినీళ్ళు మాత్రం తాగేవారు కాదు. "మొండి గంగులు" అని పిలిచేవారు. గంగులు ఏనాడూ చేతులు కొంగు కింద దాచుకోలేదు. "ఔను, చేతులూ మొండివే, నేనూ మొండిదాన్నే. పొయ్యి కావాలా వద్దా?" అనేది.

అదే ఊళ్ళో నూకాలు అని ఒక పిల్ల. నీ అంతే ఉండేది. కుడి ముంజేతి మీద చిన్న మచ్చ లేచింది. పాలిపోయినట్టుండేది. దురద లేదు, నొప్పి లేదు. "పసుపు రాస్తే పోద్దిలే" అంది వాళ్ళమ్మ సన్యాసమ్మ. మచ్చ పోలేదు, పెరిగింది. చెయ్యి మెల్లగా మొద్దుబారింది.

ఒకరోజు అన్నం కుండ పొంగిపోతోంది. సన్యాసమ్మ మసిగుడ్డ వెతుక్కుంటోంది. అప్పుడు నూకాలు ఉత్త చేత్తో కుండ దింపేసింది. అబ్బా అని కూడా అనలేదు.

ఆ తర్వాత వాళ్ళ నాయనమ్మ చుట్ట ముట్టించుకోవాలంది. నూకాలు పొయ్యిలోంచి నిప్పుకణిక వేళ్ళతో తీసుకొచ్చి ఇచ్చింది. నాయనమ్మ చుట్ట మాట మర్చిపోయి నోరు తెరిచింది.

ఇంకేముంది, ఊరంతా పాకిపోయింది. "నూకాలుకి అమ్మోరి వరం. నిప్పు అంటదు." అప్పుడు ఊరిపెద్దే ఇంటికొచ్చాడు. "సన్యాసమ్మా, ఈ ఏడు అమ్మోరి పండక్కి మరిగే నూనెలోంచి తొలి బూరె నీ గుంట నూకాలు చేత్తో తీయిద్దాం" అన్నాడు.

సన్యాసమ్మ మురిసిపోయింది. నూకాలుకీ బాగానే ఉంది. నిన్నటిదాకా పలకరించనివాళ్ళు బెల్లంముక్క పెడుతున్నారు మరి. కానీ పొద్దున లేచి చూసుకుంటే వేళ్ళ మీద బొబ్బలుండేవి. ఎప్పుడు కాలిందో తెలిసేది కాదు. చెయ్యి పావడా మడతల్లో దాచుకునేది.

పండగ పొయ్యి చేయడానికి గంగులు నూకాలు వాళ్ళింటికి వచ్చింది. నూకాలు మట్టి తొక్కి అందిస్తుంటే ఆ బొబ్బలు చూసింది. పెరట్లో పడున్న కోడి ఈక తీసింది.

"కళ్ళు మూసుకో బుల్లీ. ఎక్కడ ముట్టుకున్నానో చెప్పు."

మొదట బుగ్గ మీద రాసింది. "ఇక్కడ" అని నవ్వింది నూకాలు. ఆ తర్వాత ఎడమచేతి మీద రాసింది. "ఇక్కడ" అంది. ఆ తర్వాత నూకాలు కళ్ళు మూసుకుని కూర్చుంది, కూర్చుంది.

"ఇంకా ముట్టుకోవేంటి మామ్మా?"

కళ్ళు తెరిచి చూస్తే ఈక తన మచ్చ మీదే ఉంది.

"ఈ వరం నాకూ ఉండేది బుల్లీ" అంది గంగులు. "మావాళ్ళూ ఇలాగే మురిసిపోయారు. వేడి కుండలన్నీ నా చేతే దింపించారు. కాలిందని తెలీదు, తెగిందని తెలీదు. పుండు మీద పుండు పడి ఒక్కో వేలూ పోయింది. నొప్పి కాపలాకుక్కలాంటిది. అది మొరగని ఇంట్లో దొంగలు పడతారు."

సన్యాసమ్మ విని బయటికొచ్చింది. "నీ రోగం మా గుంటకి అంటగట్టకు. ఎవరి పాపం వాళ్ళది."

"పాపం లేదు, శాపం లేదు. ఇది జబ్బు, అంతే" అంది గంగులు. "నాకది నయమై ఏళ్ళయింది. పెద్దాసుపత్రిలో మాత్రలు ఊరికే ఇస్తారు. దాచీ దాచీ నేను ఆలస్యంగా వెళ్ళాను. నీ పిల్లకి ఇంకా వేళ్ళున్నాయి, సన్యాసీ. తీసుకెళ్ళు."

"పొయ్యి అయిందిగా, వెళ్ళు" అంది సన్యాసమ్మ.

పండగ వచ్చింది. డప్పులు మోగుతున్నాయి. నూనె సలసల మరుగుతోంది. ఊరిపెద్ద "రా తల్లీ" అని పిలిచాడు. నూకాలు నూనె వంక చూసింది. అమ్మ వంక చూసింది. పొయ్యి అంచు మీద మొండి వేళ్ళ గుర్తులు చూసింది. అప్పుడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఈ వరం నాకొద్దు తాతా. నాకు వేళ్ళు కావాలి."

డప్పులు ఆగిపోయాయి. "అమ్మోరికి కోపం వస్తదే" అన్నాడు ఊరిపెద్ద.

"బూరెలు తీయడానికి చిల్లులగరిటె ఉంది కదా బాబూ" అంది వెనకనించి గంగులు. "అమ్మోరికి ఆ మాత్రం తెలీదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. సన్యాసమ్మ మాత్రం నవ్వలేదు. వచ్చి కూతురి చెయ్యి తిప్పి చూసింది. ఆ బొబ్బలు చూడటం అదే మొదలు. చిల్లులగరిటె అందుకుని, తొలి బూరె తనే తీసింది.

మర్నాడే ఆసుపత్రికి వెళ్ళారు. "మందు మొదలెట్టాక ఎవరికీ అంటదు. పిల్లని బడి మాన్పించకండి" అంది డాక్టరమ్మ. ఏడాది పాటు ఒక్క మాత్ర మానలేదు. రోగం పోయింది. మచ్చ మాసింది. ఒకనాడు నూకాలు కుండ ముట్టుకుని "అబ్బా" అంది. ఆ అబ్బాకి సన్యాసమ్మ మురిసినట్టు ఏ వరానికీ మురవలేదు.

అప్పటికే వంగిపోయిన చిటికెనవేలు మాత్రం వంకరగానే ఉండిపోయింది. బళ్ళో పిల్లలు "వంకరవేలు నూకాలు" అన్నారు. "ఔను, వంకరే. లెక్క చెప్పమంటారా వద్దా?" అంది నూకాలు.

ఆ తర్వాత సన్యాసమ్మ గంగులు గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. "దాహంగా ఉంది. నీ చేత్తో ఇయ్యి" అంది. గంగులు రెండు అరచేతుల మధ్య చెంబు పట్టుకుని ఇచ్చింది. సన్యాసమ్మ గుక్క ఆపకుండా తాగింది.

అప్పటినించీ నూకాలు కూడా గంగులు పక్కన కూచుని పొయ్యిలు మెత్తేది. ఆ ఊరి పొయ్యిల మీద ఇక రెండు గుర్తులు. మొండి వేళ్ళది ఒకటి, పక్కనే కొక్కెంలాంటి వంకర వేలిది ఒకటి.

ఏదీ, నువ్వూ కళ్ళు మూసుకో. నీ వీపు మీద ఎక్కడ రాస్తున్నానో చెప్పు.

ఈక ఎక్కడ? ఇక్కడ ఇక్కడ.
మచ్చ ఉంటే చెప్పు అమ్మ దగ్గర.
వేళ్ళున్న చెయ్యీ చెయ్యే,
మొండి చెయ్యీ చెయ్యే,
ఇద్దరూ మెత్తితేనే పొయ్యే.
కథేమో కంచికి, బూరేమో కంచానికి,
నువ్వూ నేనూ మంచానికి.