లేయమ్మ ఒప్పుకోలు

అనగనగా ఒక రాజ్యం. దానికో రాజు, ఆ రాజుకో దివాను. వాళ్ళ పేర్లు ఇప్పుడు ఎవరినడిగినా చెప్పలేరు. ఆ రాజ్యం చిట్టచివర, ఏటి ఒడ్డున, ఒక చిన్న పల్లె. ఆ పల్లెలో ఈతాకు చాపలు అల్లుకుని బతికే లేయమ్మ అనే ఆడమనిషి ఉండేది. ఆవిడ పేరు మాత్రం అక్కడి చంటిపిల్లలు కూడా చెబుతారు. ఎందుకో చెబుతాను, వినండి.

లేయమ్మకి ముందూ వెనకా ఎవరూ లేరు, ఒక్క తమ్ముడు తప్ప. వాడి పేరు ఓబేదు. తల్లి పోయేనాటికి వాడు ఇంకా పాలు మరవలేదు. లేయమ్మే చంకనేసుకుని, గంజి పోసి పెంచింది, పెళ్ళి చేసింది. తను మాత్రం చేసుకోలేదు. ఓబేదు ఈతాకు కోసుకొచ్చేవాడు, అక్క అల్లేది. అలా రోజులు వెళ్ళిపోయేవి.

ఆవిడకి ఒక అలవాటు ఉండేది. పొద్దు పొడవగానే, తాటాకు కప్పిన ప్రార్థన మందిరం గడప దగ్గర మోకరించి దేశం కోసం ప్రార్థన చేసేది. అందరూ తమ పిల్లల కోసం, తమ గేదెల కోసం చేసుకుంటారు. ఈవిడ రాజు కోసం, దివాను కోసం, ముఖం కూడా ఎరగని జనం కోసం చేసేది. అదీ మామూలుగా కాదు, ఎవరి తప్పయినా తన నెత్తిన వేసుకుని చేసేది. దివాను ఉప్పు మీద పన్ను వేస్తే, నోరు మూసుకుని కట్టాం ప్రభువా, క్షమించు అనేది. తలారి ఎవరినో అన్యాయంగా కొడితే, కొడుతుంటే చూస్తూ నిలబడ్డాం ప్రభువా, క్షమించు అనేది.

జనానికి ఇదొక వేళాకోళం. నీళ్ళకి పోతూ పోతూ, లేయమ్మా, ఇవాళ రాజ్యం ఎలా ఉంది అని పలకరించేవాళ్ళు. ఓబేదుకి తల కొట్టేసినట్టుండేది. చెయ్యని తప్పులు నువ్వెందుకు ఒప్పుకుంటావక్కా, చేసినవాళ్ళ పేర్లు చెప్పి వాళ్ళని శిక్షించమనొచ్చు కదా అని ఒకరోజు విసుక్కున్నాడు.

"దేవుడి దగ్గరికెళ్ళి చాడీలు చెప్పమంటావేంట్రా?" అంది లేయమ్మ, చాప అల్లడం ఆపకుండానే.

ఇలా ఉండగా వానలు పోయాయి. ఒక ఏడు పోయాయి. రెండో ఏడు పోయాయి. మూడో ఏడూ పోయాయి. ఏరు ఎండి ఇసక మిగిలింది. ఇసకలో చెలమలు తవ్వుకుని, గుంటలో ఊరిన నీళ్ళు చిప్పతో తోడుకుని తాగారు జనం. అక్కడ కోటలో రాజుగారి గాదెల్లో ధాన్యం ముక్కిపోతోంది. జనం వచ్చి అడుగుతారేమోనని దివానుకి భయం పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఎగువ రాజ్యం నుంచి కొందరు వలస వచ్చారు. ఏటి ఇసకలో పాకలు వేసుకున్నారు. వాళ్ళూ చెలమలు తవ్వుకున్నారు. దివానుకి కావలసింది దొరికింది. ఊరూరా దండోరా వేయించాడు. వానలు పడకపోవడానికి వలసవాళ్ళే కారణం అన్నాడు. ఊళ్ళలో పాకుతున్న మశూచికి వలసవాళ్ళే కారణం అన్నాడు. తిండి లేకపోవడానికీ వలసవాళ్ళే కారణం అన్నాడు. మూడుసార్లు డప్పు కొట్టి చెప్పేసరికి పల్లెకి అది నిజమైపోయింది. గాదెల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఒక మధ్యాహ్నం పల్లె మగవాళ్ళు పదకొండు మంది ఏటికి బయలుదేరారు. వాళ్ళలో ఓబేదు ఉన్నాడు. వలసవాళ్ళంతా చెలమల దగ్గర ఉన్నారు, పాకలు ఖాళీగా ఉన్నాయి అని ఎవరో అన్నారు. భయపెట్టి వెళ్ళగొడదామనే అనుకున్నారు. ఎండుగడ్డి చుట్ట అంటించి మొదటి పాక చూరుకి పెట్టింది ఓబేదే. ఆ పాక ఖాళీగా లేదు. అందులో నడవలేని ఒక ముసలాయన ఉన్నాడు, ఒక బాలింత ఉంది, ఇంకా పేరు పెట్టని పసిగుడ్డు ఉంది. మూడు ప్రాణాలూ పోయాయి.

ఓబేదు ఇంటికొచ్చి కూలబడ్డాడు. కనుబొమ్మలు కాలిపోయి ఉన్నాయి. ఒళ్ళంతా కమురు కంపు. లేయమ్మ ఏటి మీది పొగ చూసింది, తమ్ముడి ముఖం చూసింది. ఉన్న ముంతెడు నీళ్ళలో చెంగు తడిపి వాడి ముఖం తుడిచింది. తిట్టినా బాగుండును, కొట్టినా బాగుండును అనుకున్నాడు ఓబేదు.

ఈలోగా ఎగువ రాజు కబురు పంపాడు. మా మనుషుల్ని చంపినవాళ్ళకి శిక్ష పడకపోతే దండెత్తి వస్తాను అని. దివాను తలారులను ఊళ్ళ మీదికి వదిలాడు. అతనికిప్పుడు ఒక దోషి కావాలి.

ఆదివారం వచ్చింది. మందిరంలో వాక్యం చెప్పే అయ్యగారు దేశం కోసం ప్రార్థన ఎత్తుకున్నారు. ఏటి ఒడ్డున ఘోరం చేసిన దుర్మార్గులెవరో, వాళ్ళ సంగతి నీవే చూసుకో ప్రభువా అన్నారు. ఆ పదకొండు మందీ ఆయనకి ఎదురుగానే చాపల మీద కూర్చుని ఉన్నారు, భక్తిగా కళ్ళు మూసుకుని. అప్పుడు లేయమ్మ లేచింది.

"ప్రభువా, దుర్మార్గులు ఎవరో కాదు. ఆ పాకలు తగలబెట్టింది మేమే. ఆ తాతని, ఆ తల్లిని, ఆ బిడ్డని మేమే చంపాం. మేం పెంచిన చేతులే ఆ పని చేశాయి. దండోరా విన్ననాడే అది అబద్ధమని నాకు తెలుసు. వీధిలోకొచ్చి ఆ మాట చెప్పలేదు. నన్ను క్షమించు. మమ్మల్ని క్షమించు."

గోడ అవతల నిలబడ్డ తలారి ఈ మాటలన్నీ విన్నాడు.

మర్నాడు దివాను వచ్చి మందిరం ముందు కుర్చీ వేయించుకున్నాడు. లేయమ్మని నిలబెట్టి, ఒప్పుకున్నది నిజమేనా అని అడిగాడు. నిజమే అంది. అయితే నీతో ఉన్నవాళ్ళ పేర్లు చెప్పు అన్నాడు.

"తెలియదని అబద్ధమాడనయ్యా. ఆ పేర్లు నా నోట మాత్రం రావు. చేసినవాళ్ళకి నోళ్ళున్నాయి, వాళ్ళే చెప్పుకుంటారు. నా పేరు లేయమ్మ. అది రాసుకోండి."

ఈ మనిషి ఈతముల్లు తప్ప ఆయుధం ఎరగదని దివానుకీ తెలుసు. అతనికి నిజం అక్కర్లేదు, ఒక మెడ కావాలి. అయినా పద్ధతి ప్రకారం మూడు రోజులు అడగాలి. పల్లె వైపు తిరిగి, ఈమెతో కలిసి చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. పల్లె నేలచూపులు చూసింది. పెద్దవాళ్ళెవరో ఒకరు చెబుతారులే అనుకున్నాడు ఓబేదు.

రెండో రోజు అడిగాడు. పల్లె నేలచూపులు చూసింది. ఎవరైనా మొదలుపెడితే వెంటనే నేనూ అంటాను అనుకున్నాడు ఓబేదు. మిగతా పదిమందీ సరిగ్గా అదే అనుకుంటున్నారు.

మూడో రోజు అడిగాడు. పల్లె నేలచూపులు చూసింది. ఓబేదు తలెత్తాడు. లేయమ్మ వాడినే చూస్తోంది. ఒక్క మాట చాలు, అక్క బతుకుతుంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. ఇంట్లో పెళ్ళాం గుర్తొచ్చింది, ఉరితాడు గుర్తొచ్చింది. మాట వెనక్కి పోయింది. అక్క కళ్ళు వద్దన్నాయి, అందుకే చెప్పలేదు అని ఆ తర్వాత చాలాకాలం తనకి తాను చెప్పుకున్నాడు. వద్దనలేదు. ఆ కళ్ళు ఎదురుచూశాయి.

ఏటి గట్టున లేయమ్మని ఉరి తీశారు. తాడు వెయ్యబోయే ముందు కాస్త ఆగమని అడిగి, రాజు కోసం, దివాను కోసం, పల్లె కోసం ప్రార్థన చేసిందట. పల్లె కోసం చేసిందే ఎక్కువసేపు పట్టిందట.

ఎగువ రాజు శాంతించాడు. నోరు మూసుకున్నందుకు మెచ్చుకుని దివాను ఒక గాదె తెరిపించాడు. ఇంటికో కుంచెడు జొన్నలు ఇప్పించాడు. పల్లె వాటిని వండుకు తిన్నది. దాచి చెప్పడమెందుకు, ఆకలి అలాంటిది. ఓబేదుకి మాత్రం ముద్ద దిగలేదు.

తర్వాతి ఆదివారం అయ్యగారు దేశం కోసం ప్రార్థన మొదలుపెట్టారు. ప్రభువా, ఈ దేశంలో దుర్మార్గులు అని, మాట మధ్యలో కళ్ళు తెరిచి ఎదురుగా కూర్చున్నవాళ్ళని చూశారు. ఓబేదు లేచాడు.

"నిప్పు పెట్టింది నేను. మా అక్క కాదు," అన్నాడు.

వాడి పక్కన ఇంకొకడు లేచాడు. అవతల ఇంకొకడు. పదకొండు మందీ లేచారు. ఆ రోజే పల్లె మొత్తం కోటకి నడిచింది. మమ్మల్ని శిక్షించండి, మా లేయమ్మ మీద పడ్డ నింద తుడిచెయ్యండి అని వేడుకున్నారు. దివాను విసుక్కున్నాడు. దోషి దొరికింది, శిక్ష పడింది, ఇంకో దోషి నాకెందుకు అన్నాడు. ఓబేదు అతని కాళ్ళు పట్టుకుని వదల్లేదు. భటులు లాగి కోట వాకిలి బయట పడేశారు.

అక్కణ్ణుంచి ఏటికి పోయారు, కనీసం వలసవాళ్ళ కాళ్ళయినా పట్టుకుందామని. వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఎటు పోయారో చెప్పేవాళ్ళు లేరు. చెలమలు ఇసకతో పూడిపోయి ఉన్నాయి. శిక్షించేవాళ్ళు లేరు, క్షమించేవాళ్ళూ లేరు. పల్లె అలాగే ఇంటికి వచ్చింది.

ఓబేదు చాలా ఏళ్ళు బతికాడు. పండు ముసలివాడై పోయేదాకా ప్రతి ఆదివారం ముందుగా లేచి, నిప్పు పెట్టింది నేను అని చెప్పి కూర్చునేవాడు.

ఈనాటికీ ఆ పల్లెలో దేశం కోసం ప్రార్థన చేసేటప్పుడు రాజుల పేర్లు, మంత్రుల పేర్లు ఎత్తి తిట్టరు. ఎవరికి వాళ్ళు లేచి తమ తప్పు చెబుతారు. ఓటు అమ్ముకున్నానని ఒకరు, లంచమిచ్చి పని చేయించుకున్నానని ఒకరు, ఎవరినో కులం పేరుతో తిడుతుంటే విని ఊరుకున్నానని ఒకరు. అక్కడ పెళ్ళి ప్రార్థనకి ఆమెన్ అంటారు, చావు ప్రార్థనకి ఆమెన్ అంటారు, అన్నం ముందు చేసే ప్రార్థనకీ అంటారు. ఈ ఒక్క ప్రార్థనకి మాత్రం అనరు. కాసేపు అలాగే నిలబడి ఇళ్ళకి పోతారు. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా అలవాటుకొద్దీ అనబోతే, పక్కవాళ్ళు మెల్లగా చెయ్యి పట్టుకుని ఆపుతారు. మూడు రోజులు అడిగినా పలకని నోళ్ళు మావి, ఇప్పుడు ఆమెన్ అనడానికి మాకు నోరెక్కడిది అంటారు.