అడుగున మిగిలిన అంబలి

ఆ ఏడు ఎండలు ముదిరి నల్లకొండ అడవిలో గడ్డిపరక కూడా మిగల్లేదు. మన గాడిదమ్మ చూస్తూ ఊరుకునే రకం కాదు. ఇప్పచెట్టు కింద అంబలి బాన పెట్టించింది. రోజూ పొద్దున్నే బస్తాడు రాగిపిండి వీపున మోసుకొచ్చేది తనే. కాచేది ఎలుగుబంటి. వడ్డించడానికి మాత్రం, ఎవరూ పిలవకుండానే నక్క ముందుకొచ్చింది.

"ఆ భాగ్యం నాకివ్వక్కా! జీతం వద్దు, బత్తెం వద్దు. అందరూ తాగాక అడుగున ఏదన్నా మిగిలితే అదే చాలు నాకు," అంది.

ఆ మాటకి అడవంతా కరిగిపోయింది. గాడిదమ్మ కూడా కరిగింది, దాచడం దేనికి!

పది రోజులు గడిచాయి. ఆ పొద్దున కుందేలు తన దొప్ప పట్టుకుని గాడిదమ్మ దగ్గరికి వచ్చింది.

"వదినా, పెట్టిన చేతిని తప్పు పడుతున్నాననుకోకు. దొప్పలో నీళ్లే ఉంటున్నాయి. నాకు పాలు పడటం లేదు. పిల్లలు ఒకటే ఏడుపు. చిన్నదైతే నిన్నటి నుంచి ఏడవడం కూడా మానేసింది."

బస్తా బరువెంతో గాడిదమ్మ వీపుకి తెలుసు. మరి ఆ పిండంతా ఎటు పోతోంది? బాన వైపు చూసింది. నక్క గరిటని పైపైన ఆనించి పోస్తోంది. దాని పొట్ట మాత్రం పది రోజుల్లో గుండ్రంగా తేలింది.

"తమ్ముడూ, కాస్త కలిపి పొయ్యరాదూ?"

"అయ్యో అక్కా! నీకు మోత తెలుసు గానీ వడ్డన తెలీదు. అంబలి కదిపితే చలవ పోతుంది. మా తాతల నాటి పద్ధతి ఇది."

"అలాగా," అని గాడిదమ్మ ఊరుకుంది. ఊరుకుందంటే నమ్మిందనుకుంది నక్క. పొరపాటంతా అక్కడే జరిగింది.

మర్నాడు అందరూ వరసలో నిలబడగానే గాడిదమ్మ ఓండ్ర పెట్టింది.

"వినండర్రా! పది రోజులుగా మన నక్క తమ్ముడు అందరికీ పోసి ఆఖర్న తాగుతున్నాడు. మనకి సిగ్గుగా లేదూ? ఇవాళ మొదటి దొప్ప తమ్ముడిదే. గరిట నేను పడతాను. అడుగున మిగిలింది కుందేలు వదిన పిల్లలకి."

అందరూ భేష్ అన్నారు. నక్క పళ్లికిలించి దొప్ప చాపింది. గాడిదమ్మ గరిటని మెల్లగా పైపైన ఆనించి దొప్ప నింపింది. ఆ దొప్పలో ఇప్పచెట్టు కొమ్మలు ఆకులతో సహా కనిపించాయి.

"ఇదేంటక్కా, వట్టి నీళ్లు!"

"నువ్వు రోజూ మాకు పోసేదే కదా తమ్ముడూ."

"అడుగు నుంచి కలిపి పొయ్యి!" నక్క నోరు జారింది.

"కలిపితే చలవ పోదూ?"

ఎవరూ నవ్వలేదు. కుందేలు ఒక్కటే ముందుకొచ్చి, "పది రోజులు మా పిల్లల నోటి దగ్గరది తాగావా బావా?" అంది. నక్క తల దించుకుని పొదల వైపు జారుకోబోయింది.

"ఎక్కడికి?" గాడిదమ్మ అడ్డం నిలిచింది. "సేవ చేస్తానన్నావుగా! ఇదిగో తెడ్డు. ఆఖరి దొప్ప దాకా అడుగు నుంచి కలుపుతూ ఉండు. అందరితో పాటే నీకూ ఒక దొప్ప."

నక్క చేతులు పీకేలా కలిపింది. చిక్కటి అంబలి బుడగలేస్తూ పైకొచ్చింది. మొదటి దొప్ప కుందేలుకి అందింది.

మూడో రోజు మధ్యాహ్నం కుందేలు చిన్నపిల్ల గుక్కపట్టి ఏడ్చిన ఏడుపుకి గాడిదమ్మ కునుకు చెడింది. అంత మంచి ఏడుపు అది ఎన్నడూ వినలేదు.

వడ్డించేవాడి మనసు తెలియాలంటే వాడి మాట కాదు, గరిట ఎంత లోతుకి దిగుతోందో చూడాలి.