కొత్త కాకముందే కొరికిన పండు

తీతు కొండెక్కి ఏడాది అయింది. నరసాపురం దగ్గర పల్లెలో పుట్టాడు. వాక్యం చెప్పడం మూడేళ్ళు కూర్చుని నేర్చుకున్నాడు. ఏ పాట ముందు, ఏ ప్రార్థన తర్వాత, రొట్టె విరిచినప్పుడు బోధకుడు తాను ముందు తిని సంఘానికి ఎలా పంచాలి, అన్నీ వరసగా వచ్చు. వచ్చినవన్నీ మూట కట్టుకుని తేనెలగండి అనే కొండరెడ్ల ఊరికి చేరాడు.

మనిషి మంచివాడే. జ్వరంతో పడి ఉన్నవాళ్ళని వీపున వేసుకుని కొండ దింపాడు. ఆ మంచితనం చూసే ఏడుగురు బాప్తిస్మానికి ఒప్పుకున్నారు. వాళ్ళలో ఊరిపెద్ద లచ్చిరెడ్డి కూతురు పండమ్మ కూడా ఉంది.

అంతలో మామిడి కాలం వచ్చింది.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. చెట్టు నిండా పళ్ళు పండి రాలుతున్నా సరే, 'కొత్త' పండగ అయ్యేదాకా ఒక్కరూ నోట పెట్టరు. ఆ రోజు ఊరిపెద్ద వెళ్ళి అమ్మవారి రాయి దగ్గర తొలి పండు పెట్టి వస్తాడు. ఆ తర్వాత ఊరంతా తింటుంది. అందాకా పిల్లలు సైతం రాలిన పండు ఏరి, ఒక్కసారి వాసన చూసి, గంపలో వేసేస్తారు. ఆ వయసులో అంత ఓర్పు ఎక్కణ్ణించి వస్తుందో మరి!

తీతుకి అది ఓర్పులా కనపడలేదు. భయంలా కనపడింది.

ఒక ఆదివారం పాక నిండా జనం ఉండగా పండు చేత పట్టుకుని లేచాడు. "దేవుడిచ్చిన పండు తినడానికి ముహూర్తమేమిటి? ఇదుగో, నాకేమవుతుందో చూడండి!" అని కొరికాడు. రసం మోచేతి దాకా కారింది.

ఏమీ కాలేదు. పిడుగూ పడలేదు, కడుపూ నొప్పెట్టలేదు. కూతురి కోసం వచ్చి గుమ్మంలో కూర్చున్న లచ్చిరెడ్డి మాత్రం తువ్వాలు దులిపి భుజాన వేసుకుని నడిచిపోయాడు. ఆయన వెనకే ఒక్కొక్కరూ లేచారు.

మరుసటి ఆదివారం పాకలోకి రెండు మేకలు వచ్చాయి. మనుషులు రాలేదు.

సాయంత్రం పండమ్మ వచ్చింది. లోపలికి రాకుండా పాటల పుస్తకం గుమ్మంలో పెట్టింది. "మా నాయన నా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టటం లేదయ్యా. నాకు దేవుడూ కావాలి, మా నాయనా కావాలి. ఇద్దర్నీ ఉంచుకునే దారేదైనా ఉంటే చెప్పండి, మళ్ళీ వస్తాను" అంది.

తీతు దగ్గర దారి లేదు. తెల్లారాక కొండ దిగాడు.

కింద ఏటి ఒడ్డున రూతమ్మగారు ఉంటారు. భర్త పాస్టరుగారు పోయాక పిల్లలు రమ్మన్నా వెళ్ళకుండా, ముప్పై ఏళ్ళుగా ఆ కొండల్లోనే తిరుగుతున్న మనిషి. తీతుని పైకి పంపింది ఆమే. అతను వెళ్ళేసరికి ఆమె చేటలో సామలు చెరుగుతోంది.

"అమ్మగారూ, నన్ను నరసాపురం పంపించెయ్యండి. ఏడుగురూ పోయారు."

"ఏం తప్పు చేశావు నాయనా?"

"తప్పేమీ లేదమ్మా. మామిడిపండు తిన్నాను."

రూతమ్మగారి చేట ఆగింది. "తియ్యగా ఉందా?" అంది.

ఆమె చేట గోడకి ఆనించి, కర్ర అందుకుని, "పద" అంది.

ఎండలో రెండు గంటల ఎక్కుడు. పాక చేరేసరికి ఆమె పెదాలు ఎండిపోయాయి. తీతు గబగబా నాలుగు పళ్ళు కడిగి, కోసి, పళ్ళెంలో పెట్టి ముందుంచాడు. పళ్ళూడిన నోటికి అంతకంటే ఏం కావాలి! రూతమ్మగారు ఒక ముక్క తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది.

"కాసిని మంచినీళ్ళియ్యి."

"మీరు కూడా వీళ్ళ దేవతకి భయపడతారా అమ్మగారూ?"

ఆమె నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని అడిగింది. "సోములమ్మ తిందా?"

"ఏ సోములమ్మ?"

రూతమ్మగారు అతని వంక చూసింది. ఏడాదిగా ఇక్కడున్నావే అని అనలేదు. "ఒక మంచి పండు జేబులో వేసుకో. ముక్కలు వద్దు, నిండు పండు" అంది.

గట్టు వెనక, ఊరికి అన్నిటికంటే పైన ఒక గుడిసె. వాకిట్లో ముసలామె, రెండు కళ్ళూ తెల్లబడిపోయి, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుంది. అలికిడి విని తలెత్తింది.

"రూతమ్మా, నువ్వేనా? కర్ర చప్పుడు నీదే. వెంట ఆ బూట్లాయనెవరు? అందరికంటే ముందు తిన్నాడంటున్నారే, ఆ అయ్యేనా?"

తీతు చెవులు ఎర్రబడ్డాయి. అయినా వంగి ఆమె చేతిలో పండు పెట్టాడు. "తిను అవ్వా. నీకోసమే తెచ్చాను."

సోములమ్మ పండుని రెండు చేతులా తడిమింది. తొడిమ దగ్గర వాసన చూసింది. ఆమె గొంతు గుటక వెయ్యడం తీతుకి కనపడింది.

"మంచి జాతి. వాగు పక్క చెట్టుది" అంటూ తిరిగి అతని చేతిలో పెట్టేసింది. "కొత్త కానియ్యి నాయనా."

"ఎందుకవ్వా? నిన్నెవరు చూస్తారు? అమ్మవారు కోప్పడుతుందనా?"

ముసలామె నవ్వింది. "అమ్మ సంగతి పెద్దనడుగు. నా సంగతి నేను చెప్తాను. చెట్లు కాళ్ళున్నోళ్ళకి అందుతాయి, కళ్ళున్నోళ్ళకి అందుతాయి. కొత్త రోజున నా చేతికి పండు రాందే పెద్ద తినమనడు. ఊరంతా పండు చేత పట్టుకుని నాకోసం కూర్చుంటది. ఆ కొత్తే లేకపోతే నాకాడికి టెంకలొస్తాయి."

తీతు పండు మళ్ళీ జేబులో వేసుకున్నాడు. రూతమ్మగారు అతని వైపు చూడనే లేదు. సోములమ్మ వెనక చేరి, చిక్కుపడ్డ జుట్టు విడదీస్తూ, ఆ ఏడాది కోళ్ళ గురించి, మేకపిల్లల గురించి మాట్లాడుతోంది.

దిగేటప్పుడు తీతు బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు. పాక దగ్గర ఆగకుండా నేరుగా లచ్చిరెడ్డి ఇంటికి పోయి వాకిట్లో నిలబడ్డాడు.

"తప్పయింది పెద్దయ్యా."

లచ్చిరెడ్డి బుట్ట అల్లుతూ తలెత్తలేదు. "తప్పుకి మా ఊళ్ళో పద్ధతుంది. కొత్త రోజున పళ్ళ గంప నువ్వు మొయ్యాలి."

"ఎన్నిళ్ళకి?"

"మొయ్యి, తెలుస్తాది."

అరుగు మీద ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు.

కొత్త వచ్చింది. లచ్చిరెడ్డి అమ్మవారి రాయి దగ్గరికి వెళ్ళాడు. రూతమ్మగారు వెళ్ళలేదు, ఆయన రమ్మననూ లేదు. ముప్పై ఏళ్ళుగా వాళ్ళిద్దరి మధ్యా ఆ మర్యాద ఉంది. ఆమె ఇప్పచెట్టు కింద ఒళ్ళో పండు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తన దేవుడికి తాను దణ్ణం పెట్టుకుంది.

తీతు గంప మోశాడు. ఇరవైమూడు ఇళ్ళు. అన్నీ ఒక ఎత్తున లేవు. బాలింత ఉన్న ఇల్లు, మాటలు రాని పిల్ల ఉన్న ఇల్లు, ఏడాదిలో ఒక్కసారీ తాను తొంగిచూడని ఇళ్ళు. చిట్టచివర సోములమ్మ. ఆమె చేతిలో పండు పెట్టి గట్టు మీద నిలబడి కేకేశాడు. "అందిందీ!"

కింద ఊరంతా ఒక్కసారిగా కొరికింది. ఆ చప్పుడు అతనికి పైదాకా వినపడిందట.

గంపలో ఒకే ఒక్కటి మిగిలింది. చిన్నది, ఒక పక్క పచ్చిది. తీతు అక్కడే సోములమ్మ పక్కన కూర్చుని, తొక్కతో సహా తినేశాడు.

లచ్చిరెడ్డి ఆ రాత్రి కూతురింట్లో కూడు తిన్నాడు. పది రోజులకి ఏడుగురూ వాగులో బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ తర్వాతి ఆదివారం వాళ్ళకి ప్రభువు బల్ల దగ్గర మొదటి రొట్టె. రూతమ్మగారు కూడా పైకి వచ్చింది. లచ్చిరెడ్డి ఎప్పట్లాగే గుమ్మంలో, సగం లోపల, సగం బయట. తీతు రొట్టె విరిచాడు. తాను తినలేదు. అందరి చేతుల్లోనూ పెట్టి, చివరి ముక్క విస్తరాకులో ఉంచి, తన ముక్క చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. పాట అయింది. ఇంకో పాట కూడా అయింది. ఎవరూ కదల్లేదు.

లచ్చిరెడ్డికి ఉండబట్టలేదు. "ఏంటయ్యా, కూడు చేతిలో పెట్టుకుని ఆ చూపులేంటి? తినరా?"

"ఏడోవాడు గంగులు ఇంకా వాగు దాటుతున్నాడు పెద్దయ్యా. కుంటి కాలు కదా" అన్నాడు తీతు.

లచ్చిరెడ్డి నోట్లోంచి చుట్ట తీశాడు. వాగు వైపు చూశాడు. కర్ర పట్టుకుని రాయి మీంచి రాయి మీదికి అడుగులేస్తున్న మనిషిని చాలాసేపు చూశాడు. తర్వాత రూతమ్మగారి వైపు తిరిగాడు.

"అయితే మీకూ కొత్త ఉందన్నమాట."

రూతమ్మగారు చేతిలో రొట్టెముక్క జాగ్రత్తగా పట్టుకుని బోసినోటితో నవ్వింది.

"ఎప్పటినుంచో ఉంది పెద్దరెడ్డీ. మావాడు ఈ ఏడాది నేర్చుకున్నాడు."